చనిపోయిన పశువుకు విలువ కట్టడం: లంక గ్రామాల గేదె నుంచి విజయనగర గుర్రం దాకా

గోదావరికి వరద వచ్చే రోజుల్లో కోనసీమ లంక గ్రామాల వారు ముందుగా గట్టు ఎక్కించేది పశువులను. ధవళేశ్వరం ఆనకట్ట వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు చేరితే రెండవది, 17 లక్షలకు చేరితే మూడవది జారీ అవుతుంది. మొదటి హెచ్చరికకూ మూడవ హెచ్చరికకూ నడుమ లభించే వ్యవధిలోనే గేదెలను, ఎడ్లను, దూడలను కాజ్‌వేలు దాటించి ఏటిగట్టు మీదకు తోలుకురావాలి. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులకు చేరిన వరదకు గాని, 2022 జూలైలో 25 లక్షలు దాటిన వరదకు గాని ఆ వ్యవధి అందరికీ చాలదు. 1996 నవంబరు 6 నాటి తుపాను విషయంలో అంతపాటి వెసులుబాటు కూడా లేదు. కొబ్బరిచెట్టు విరిగి పాకపై పడినచోట పాకతోపాటు పాకలోని పశువూ పోయింది.

నీరు తీసిన తరువాత పశువును పోగొట్టుకున్న కుటుంబం ముందు ఒక చిన్న ప్రశ్న నిలుస్తుంది. చనిపోయిన ఆ గేదె విలువ ఎంత? బతికి ఉన్న గేదెకు సంతలో పది మంది పది ధరలు చెప్పగలరు, పాలు పితికి చూపవచ్చు, పళ్ళు చూడవచ్చు, నడిపించి చూడవచ్చు. చనిపోయిన దానికి ఈ పరీక్షలేవీ లేవు. కాగితం మీద ఉన్నది మాత్రమే మిగులుతుంది. స్వయం సహాయక సంఘం ద్వారా తీసుకున్న అప్పుతో గేదెను కొన్న మహిళకు ఈ ప్రశ్న మరింత పదునైనది. పశువు పోయినా వాయిదాలు పోవు. పరిహారంగా వచ్చే సొమ్ము మరో గేదెను కొనడానికి సరిపోతుందా, పాత అప్పు తీర్చడానికే సరిపోతుందా, రెంటికీ చాలదా అన్నది ఆ విలువ నిర్ధారణపైనే ఆధారపడి ఉంటుంది.

మూడు విలువలు, ఒకే పశువు

వ్యవహారంలో అందరూ 'నష్టపరిహారం' అన్న ఒక్క మాటనే వాడుతున్నప్పటికీ దాని వెనుక స్వభావరీత్యా భిన్నమైన మూడు సొమ్ములు ఉన్నాయి. వీటిని కలిపి చూడడం వల్లనే చాలా అభ్యర్థనలు మొదటి మెట్టులోనే తడబడుతున్నాయి.

మొదటిది ప్రకృతి వైపరీత్యాల సందర్భంగా రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి నుంచి అందే సహాయం. 2022 నుంచి 2026 వరకు వర్తించేలా కేంద్రం నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం పాడి గేదెకు లేదా ఆవుకు 37,500 రూపాయలు, గొర్రెకు లేదా మేకకు 4,000 రూపాయలు, ఎద్దుకు లేదా గుర్రానికి 32,000 రూపాయలు, దూడకు, గాడిదకు, కంచరగాడిదకు, పొట్టి గుర్రానికి 20,000 రూపాయలు చెల్లిస్తారు. కుటుంబానికి మూడు పెద్ద పాడి పశువులు అన్న పరిమితి ఉంది. ప్రమాణాల పత్రంలో ఈ అంశానికి పెట్టిన శీర్షిక పశువుల 'భర్తీ'. అయితే రోజుకు పది లీటర్లు ఇచ్చే గ్రేడెడ్ ముర్రా గేదెకూ, వట్టిపోయే దశలో ఉన్న నాటు గేదెకూ ఇక్కడ అంకె ఒక్కటే. పెళ్ళి ఊరేగింపులకు శిక్షణ పొందిన గుర్రమూ, కాడి మోయలేని ముసలి ఎద్దూ ఈ పట్టికలో సమానం. ఇది విలువ నిర్ధారణ కాదు, ఉపశమనం. మరణం సంభవించినదని, అది ఫలానా విపత్తు వల్లనే సంభవించినదని రుజువైతే చాలు. పశువు మంచిదా కాదా అన్న విచారణ ఇక్కడ ఉండదు.

రెండవది బీమా. ఇందులో విలువను పశువు బతికి ఉండగానే నిర్ణయిస్తారు. జాతీయ పశుగణ మిషన్ కింద 2014-15 నుంచి అమలులోకి వచ్చిన బీమా మార్గదర్శకాలు పశువును నాటి మార్కెట్ ధరకే బీమా చేయాలని, ఆ ధరను యజమాని, బీమా సంస్థ కలిసి పశువైద్యుని సమక్షంలో నిర్ణయించాలని చెబుతున్నాయి. కనీస విలువకు ఒక సూత్రం కూడా పెట్టాయి: రోజుకు ఇచ్చే ప్రతి లీటరు పాలకు ఆవుకైతే 3,000 రూపాయలు, గేదెకైతే 4,000 రూపాయలు, లేదా స్థానిక మార్కెట్లో నడుస్తున్న ధర. గుర్రం, గాడిద, ఎద్దు, దున్నపోతు వంటి మోత పశువులకు లీటర్ల లెక్క లేదు గనుక వాటి ధరను పశువైద్యుని సమక్షంలో మాట్లాడి తేల్చుకోవలసిందే.

మూడవది తప్పు చేసినవారి నుంచి రాబట్టే నష్టపరిహారం. 216వ నంబరు జాతీయ రహదారిపై అమలాపురానికీ రాజోలుకూ నడుమ లారీ ఢీకొని గేదె చనిపోయినా, తెగిపడిన విద్యుత్ తీగ తగిలి ఎద్దు చనిపోయినా యజమాని అడగవలసినది సహాయం కాదు, తన నష్టానికి పూర్తి వెల. ఇక్కడ విలువను ముందుగా ఎవరూ నిర్ణయించి ఉండరు. మరణించిన తరువాత, మరణానికి ముందటి క్షణంలో ఆ పశువు ఎంత పలికేదో న్యాయస్థానం ముందు నిలబెట్టాలి. పైన చెప్పిన మూడింటిలో అన్నిటికన్నా కష్టమైనదీ, శాస్త్రజ్ఞుని సాక్ష్యానికి ఎక్కువ చోటున్నదీ ఇదే.

తోక తెస్తే ధర

చనిపోయిన పశువు విలువను రుజువు చేయడం ఈ కాలపు సమస్య కాదు. పదహారవ శతాబ్దిలో విజయనగరంలో గడిపిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఫెర్నావో నూనిజ్ తన వృత్తాంతంలో ఒక విశేషాన్ని నమోదు చేశాడు. సాళువ నరసింహుడు ఓర్ముజ్, ఏడెన్ రేవుల నుంచి గుర్రాలను తెప్పించుకొనేవాడు. బతికి వచ్చినా చచ్చి వచ్చినా మూడింటికి వెయ్యి వరహాల చొప్పున కొనేవాడు. సముద్రంలో చనిపోయిన గుర్రానికి వర్తకుడు దాని తోకను మాత్రం తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రానికి ఇచ్చినంతా ఇచ్చేవాడు.

బీమా శాస్త్రం దృష్టితో చూస్తే ఈ చిన్న వాక్యంలో మూడు అంశాలున్నాయి. నష్టభయం వర్తకుని మీద నుంచి రాజు మీదకు మారింది. ధర ముందే ఖరారయింది, కాబట్టి చనిపోయిన తరువాత బేరం లేదు. మరణానికి రుజువుగా, ఒకే గుర్రానికి రెండుసార్లు సొమ్ము అడగకుండా, శరీరంలో ఒక భాగాన్ని సమర్పించాలి. ఒక గుర్రానికి తోక ఒక్కటే. అయితే ఆ తోక ఏ గుర్రానిదో, అది ఎంతటి గుర్రమో తోక చెప్పదు. సగటు ధర కట్టారు గనుక దాని అవసరం రాలేదు. నాసిరకం గుర్రాలను ఓడలెక్కించి దారిలో పోనిచ్చినా వర్తకునికి నష్టం లేని ఏర్పాటది. యుద్ధానికి గుర్రాలు కావలసిన రాజు ఆ నష్టాన్ని తెలిసే భరించి ఉంటాడు.

తోక చెప్పలేని సంగతిని రాతలో పెట్టుకోవాలన్న ఆలోచన అంతకన్నా ఎంతో పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుని విధుల్లో మొదటిది గుర్రాల నమోదు. ప్రతి గుర్రం ఎలా వచ్చింది, అంటే కొన్నదా, యుద్ధంలో పట్టుకున్నదా, సొంత శాలలో పుట్టినదా, తాకట్టుగా వచ్చినదా అన్నది, దాని జాతి, వయసు, రంగు, గుర్తులు, తరగతి రాసి ఉంచాలి. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసము వంటి గ్రంథం పుట్టడానికీ గుర్రం వెల నిర్ణయంలో లక్షణజ్ఞానానికి ఉన్న గిరాకీ ఒక కారణమై ఉంటుంది. సుడులను బట్టి శుభాశుభాలు చెప్పడం అటువంటి విద్యలో భాగమే. శాస్త్రీయంగా సుడికీ పాల దిగుబడికీ సంబంధం లేదు. కాని సంతలో సుడి చూసి ధర తగ్గించే కొనుగోలుదారు నేటికీ ఉన్నాడు. మార్కెట్ విలువ అంటే కొనేవారు ఇచ్చే ధర కాబట్టి, అశాస్త్రీయమైన ఆ నమ్మకం కూడా విలువలో చేరుతుంది. నిపుణుడు దాన్ని కాదనవచ్చును గాని విస్మరించలేడు.

నేటి తోక చెవిపోగు. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలో భాగంగా పశువులకు 12 అంకెల గుర్తింపు సంఖ్య గల పసుపుపచ్చ పోగును చెవికి వేస్తున్నారు. బీమా సంస్థలు పోగు లేనిదే క్లెయిము లేదన్న నియమాన్ని పాటిస్తాయి. పోగు ఊడిపోతే వెంటనే సంస్థకు తెలియజేసి కొత్తది వేయించి, ఆ సంఖ్యను పాలసీలో నమోదు చేయించాలి. కంపకు, కట్టుకొయ్యకు రాసుకొని పోగు తెగిపోవడం మామూలే. దాన్ని పట్టించుకోక వదిలేసినవారికి అసలు కష్టం మరణానంతరమే తెలుస్తుంది.

సంత ధరను రుజువు చేయడం

మార్కెట్ విలువకు ఉత్తమ సాక్ష్యం పోల్చదగిన పశువు అమ్మకం. అదే కాలంలో, అదే ప్రాంతంలో, అదే జాతి, అదే ఈత, ఇంచుమించు అదే దిగుబడి గల గేదె ఎంతకు అమ్ముడుపోయిందో చూపగలగాలి. ఇందులో ప్రతి మాటకూ బరువుంది. ఈనిన నెలకు ఒక ధర, ఆరు నెలలు పాలిచ్చిన తరువాత మరొక ధర, వట్టిపోయి ఏడు నెలల చూడితో ఉన్నప్పుడు ఇంకొక ధర పలుకుతుంది. వరద తరువాత కొద్ది వారాలపాటు ఒకవైపు మేత లేక అమ్మేవారు, మరొకవైపు పశువు పోయి కొనేవారు ఒకేసారి సంతకు రావడంతో ధరలు గాడి తప్పుతాయి. అందుచేత వరదకు ముందు నెలల ధరలను ప్రాతిపదికగా తీసుకోవడం మేలు.

వయసు నిర్ధారణకు దంతాలే ఆధారం. చనిపోయిన తరువాత కూడా ఎక్కువ కాలం చెడనివి అవే. గేదెలో మొదటి జత శాశ్వత దంతాలు రమారమి రెండున్నర, మూడేళ్ళకు వస్తాయి. ఎనిమిది పళ్ళూ పూర్తయ్యేసరికి అయిదేళ్ళు దాటుతాయి. ఆ తరువాత పళ్ళ అరుగుదల ఉజ్జాయింపుగా మాత్రమే వయసు చెబుతుంది. ఈతల సంఖ్యే మెరుగైన కొలత. గుర్రం విషయంలో దంతాలు మరింత దూరం తోడు వస్తాయి. అయిదేళ్ళకు నోరు పూర్తవుతుంది. పై దవడ చివరి ముందరి పంటిమీద సుమారు పదేళ్ళకు ఒక గాడి మొదలై, పదిహేనేళ్ళకు సగం దాకా, ఇరవై ఏళ్ళకు పంటి పొడవునా దిగుతుంది. దీన్ని గాల్వేన్ గాడి అంటారు. మేతను బట్టి ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ కావచ్చు. అయినా పన్నెండేళ్ళ గుర్రాన్ని ఆరేళ్ళదని చెప్పి విలువ పెంచబోయేవారిని ఆ గాడి పట్టిస్తుంది.

పాల దిగుబడికి రుజువు కోసం రైతులు ఎక్కడెక్కడో వెతుకుతుంటారు గాని, అది చాలా ఇళ్ళలో చూరు కింద సంచిలోనే ఉంటుంది. పాల సేకరణ కేంద్రం ఇచ్చే పుస్తకంలో లేదా చీటీల్లో పూటపూటకూ లీటర్లు, వెన్న శాతం, చెల్లించిన సొమ్ము నమోదై ఉంటాయి. వివాదం పుట్టక ముందు, మూడవ వ్యక్తి, తన వ్యాపార క్రమంలో రాసిన రాత కావడం వల్ల దానికి సాక్ష్యంగా ఉండే బలం, మరణానంతరం ఇరుగుపొరుగు ఇచ్చే వాఙ్మూలానికి ఉండదు. ఒకటికి రెండు గేదెలున్న ఇంట్లో ఆ లీటర్లు ఏ గేదెవన్న ప్రశ్న వస్తుంది. రెండవ గేదె వట్టిపోయిన నెలల్లోని అంకెలను విడిగా చూపితే దానికి సమాధానం దొరుకుతుంది. కృత్రిమ గర్భధారణ చీటీ, టీకాల నమోదు, కొన్ననాటి రసీదు ఇదే కోవకు చెందినవి. చూడి నిర్ధారణ జరిగి ఉంటే కడుపులోని దూడ కూడా ధరలో భాగమే.

ఇంతకీ లీటరుకు 4,000 రూపాయల సూత్రం ఏ మేరకు సరిపోతుంది? రోజుకు ఎనిమిది లీటర్లు ఇచ్చే గేదెకు అది 32,000 రూపాయలు చూపుతుంది. ఈ మొత్తం విపత్తు సహాయం కంటే తక్కువ. సూత్రం పెట్టిన నాటికీ నేటికీ పాల ధర, దాణా ధర, పశువు ధర మారిపోయాయి. మార్గదర్శకం దాన్ని కనీస విలువగానే పేర్కొన్నదనీ, ప్రత్యామ్నాయంగా స్థానిక మార్కెట్ ధరను కూడా చెప్పిందనీ పాలసీ తీసుకొనే నాడే గుర్తు చేయాలి. తక్కువ ప్రీమియంతో సరిపోతుందని ఆ రోజు చిన్న అంకెకు అంగీకరించినవారు చనిపోయిన నాడు పెద్ద అంకె అడగలేరు. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ప్రీమియంలో రైతు వాటాను 15 శాతానికి తగ్గించిన తరువాత ఆ రకమైన పొదుపుకు పెద్దగా అర్థం లేదు.

రాబడి లెక్క, రెండుసార్లు లెక్క

పోల్చదగిన అమ్మకం దొరకనప్పుడు రాబడి పద్ధతిని ఆశ్రయించాలి. లెక్క తీరు తెలియడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. మూడవ ఈతలోని గేదె ఇంకా నాలుగు ఈతలు పాలిస్తుందని, ఈతకు 305 రోజులు సగటున ఆరు లీటర్ల వంతున 1,830 లీటర్లు ఇస్తుందని, లీటరుకు 60 రూపాయలు వస్తుందని అనుకుంటే ఈతకు రాబడి 1,09,800 రూపాయలు. పచ్చిమేత, ఎండుగడ్డి, దాణా, వైద్యం, వట్టిపోయిన రోజుల పోషణ, ఇంటివారి శ్రమ కలిపి ఖర్చు 82,000 రూపాయలనుకుంటే నికరం 27,800. ఈతకూ ఈతకూ నడుమ పదిహేను నెలలు పట్టుకొని, భవిష్యత్తు సొమ్మును ఏటా 10 శాతం వంతున తగ్గిస్తే నాలుగు ఈతల నికర రాబడి నేటి విలువ సుమారు 83,300 రూపాయలు అవుతుంది. అయిదేళ్ళ తరువాత గేదెను 25,000కు అమ్మవచ్చుననుకుంటే దాని నేటి విలువ సుమారు 15,500. మొత్తం 98,800 రూపాయలు. మధ్యలో వ్యాధి, చూలు నిలవకపోవడం వంటి ప్రమాదాలకు కొంత తగ్గిస్తే 85 నుంచి 90 వేల నడుమ నిలుస్తుంది.

ఈ లెక్కలో ఇంటివారి శ్రమకు వెల కట్టకపోతే అంకె చాలా పెరుగుతుంది. గేదె పోయిన తరువాత ఆ శ్రమ మరోచోట కూలిగా మారగలదు కాబట్టి దానికి వెల కట్టడమే న్యాయం. పేడ సంగతి కూడా అడుగుతుంటారు. రోజుకు 12 కిలోల వంతున ఏడాదికి 4,380 కిలోల తాజా పేడ వస్తుందనుకుంటే, అందులో నత్రజని 0.3 నుంచి 0.4 శాతం లెక్కన 13 నుంచి 17 కిలోలు. యూరియాగా చూస్తే అది 45 కిలోల బస్తా ఒకటికి కూడా చేరదు. పోషకాల ధరగా మాత్రమే చూస్తే పేడ వల్ల క్లెయిము పెరిగేది స్వల్పమే. కొబ్బరితోటలో ఇసుకపాటి నేలకు సేంద్రియ పదార్థంగా అది చేసే మేలు వేరే విషయం. దానికి వెల కట్టే పద్ధతి న్యాయస్థానాల్లో ఇంకా స్థిరపడలేదు.

ఇక్కడే ఎక్కువ మంది చేసే పొరపాటు ఒకటుంది. గేదె మార్కెట్ ధర 90,000, అది ఇవ్వబోయే పాల లాభం మరో లక్ష అని రెండింటినీ కలిపి అడుగుతారు. సంతలో కొనేవాడు 90,000 ఇస్తున్నది ఆ రాబోయే పాల కోసమే. కాబట్టి ధరలో ఆ లాభం అప్పటికే ఇమిడి ఉంది. రెండూ అడగడం ఒకే వస్తువుకు రెండుసార్లు వెల అడగడమే. అటువంటి కోరికను ఎదుటి న్యాయవాది ఒక్క ప్రశ్నతో కూల్చివేయగలడు. దానితోపాటు తక్కిన సాక్ష్యంపై కూడా అనుమానం మిగులుతుంది.

అయితే మార్కెట్ ధరతో కథ ముగియదు. 1928లో గ్రీసు దేశంలోని పాట్రాస్ రేవు వద్ద ఎడిసన్ అనే ఓడ కారణంగా లీస్‌బాష్ అనే డ్రెడ్జరు మునిగిపోయింది. 1933లో బ్రిటిష్ ప్రభువుల సభ ఆ వ్యాజ్యంలో ఇచ్చిన తీర్పు రాబడి తెచ్చే వస్తువుల విలువ నిర్ధారణకు నేటికీ చదవదగినది. యజమానికి రావలసినది, నష్టం జరిగిన కాలంలో, జరిగిన చోట, పని చేస్తున్న స్థితిలో ఆ వస్తువు అతనికి ఎంత విలువైనదో అంత. అంటే పోల్చదగిన మరొక డ్రెడ్జరు ధర, దాన్ని అక్కడికి చేర్చే ఖర్చు, అది అందేదాకా పని ఆగినందుకు పరిహారం. డ్రెడ్జరు స్థానంలో గేదెను పెట్టి చూస్తే లెక్క సూటిగా వస్తుంది: సమానమైన గేదె ధర, దాన్ని సంత నుంచి లంకకు చేర్చే వ్యాను, పడవ ఖర్చు, కొత్త గేదె దొరికేదాకా పోయిన పాల నికర రాబడి.

అదే తీర్పులో పేదవానికి ఇబ్బందికరమైన భాగమూ ఉంది. డ్రెడ్జరు యజమానుల వద్ద కొత్తది కొనే సొమ్ము లేక, అధిక ధరకు మరొకటి అద్దెకు తీసుకున్నారు. ఆ అదనపు నష్టం వారి డబ్బులేమి వల్ల కలిగినదే గాని ప్రమాదం వల్ల కాదని సభ తోసిపుచ్చింది. ఈ వాదన ప్రకారం చేతిలో సొమ్ము లేక ఆరు నెలలు గేదెను కొనలేకపోయిన కుటుంబానికి ఆరు నెలల పాల రాబడి రాదు. డెబ్బై ఏళ్ళ తరువాత, 2003లో, లాగ్డెన్ వ్యాజ్యంలో అదే సభ ఈ భాగాన్ని విడిచిపెట్టింది. నష్టపోయినవాని పేదరికాన్ని కూడా తప్పు చేసినవాడు భరించవలసిందేనన్నది ఆ తీర్పు సారం. ఆంగ్ల తీర్పులు మన న్యాయస్థానాలకు శిరోధార్యాలు కాకపోయినా, లంక గ్రామపు క్లెయిమును వాదించేవారు 1933 తీర్పును ఉదహరించినప్పుడు 2003 తీర్పును కూడా పక్కన పెట్టుకోవాలి.

ఎడ్ల విషయంలో మరో చిక్కు ఉంది. జతలో ఒకటి పోతే నష్టం సగం కాదు. ఎత్తు, నడక, వయసు, కాడి పక్క కుదిరిన జతకు వచ్చే ధర, రెండు ఒంటెద్దుల ధరల మొత్తం కంటే ఎక్కువ. మిగిలిన ఎద్దు 'జత విరిగిన' ఎద్దుగా తక్కువకు అమ్ముడవుతుంది. కాబట్టి జతగా ఉన్నప్పటి ధర నుంచి మిగిలిన ఎద్దుకు విడిగా వచ్చే ధరను తీసివేయగా వచ్చినదే అసలు నష్టం. ఒకప్పుడు జోడు గుర్రాల బండ్లకు వర్తించిన తర్కమూ ఇదే. నేటి ఊరేగింపు గుర్రానికైతే మేళతాళాలకు, టపాసుల చప్పుడుకు బెదరకుండా నిలిచే శిక్షణే ధరలో పెద్ద భాగం. దాన్ని కళేబరం చూపలేదు. బుకింగుల పుస్తకం, అందిన సొమ్ముల రసీదులు చూపుతాయి.

మరణ కారణం, కళేబరం లేని మరణం

విలువ ఎంత బాగా రుజువైనా మరణ కారణం తేలకపోతే అది కాగితానికే పరిమితం. బీమా మార్గదర్శకాలు క్లెయిముకు నాలుగే పత్రాలు అడుగుతున్నాయి: సంస్థకు ఇచ్చిన సమాచారం, పాలసీ, క్లెయిము పత్రం, శవపరీక్ష నివేదిక. అందులో చివరిది సమయానికి బద్ధమైనది. కోనసీమ ఉక్కపోతలో కళేబరం కొద్ది గంటల్లోనే ఉబ్బి కుళ్ళడం మొదలవుతుంది. ఆలస్యమైతే గొంతువాపు, జబ్బవాపు వంటి వ్యాధుల గుర్తులకూ మరణానంతర మార్పులకూ తేడా చెప్పడం కష్టమవుతుంది. విద్యుదాఘాతంలో కాలి గిట్టల వద్ద, తీగ తాకిన చోట కాలిన మచ్చలు, నోట్లో ఇంకా నమలని మేత కనిపించవచ్చు. ఒక్కోసారి ఏ గుర్తూ ఉండదు. అప్పుడు తెగిన తీగ, పశువు పడి ఉన్న తీరు కలిసి కనిపించే ఛాయాచిత్రమే ప్రధాన సాక్ష్యం. తీగను తొలగించకముందే అది తీయాలి. ప్రమాదకరమైన విద్యుత్తును సరఫరా చేసేవారు తమ నిర్లక్ష్యం లేకున్నా బాధ్యులేనని, తెగిన తీగ తగిలి మనిషి మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2002లో చెప్పిన సూత్రం ఇటువంటి క్లెయిములకు కూడా ఊతమిస్తుంది.

దొమ్మ వ్యాధి అనుమానం ఉన్నచోట పరిస్థితి తలకిందులవుతుంది. ఆ కళేబరాన్ని కోయరాదు. కోస్తే వ్యాధికారక సూక్ష్మజీవులు గాలి తగిలి సిద్ధబీజాలుగా మారి ఆ నేలలో దశాబ్దాలపాటు నిలుస్తాయి. చెవి రక్తనాళం నుంచి తీసిన రక్తపు పూతను పరీక్షకు పంపి, శవపరీక్ష ఎందుకు జరపలేదో పశువైద్యుడు ధ్రువపత్రంలో కారణంతో సహా రాయాలి. శవపరీక్ష నివేదిక లేదన్న ఒక్క కారణంతో ఇటువంటి క్లెయిమును తిరస్కరించడం శాస్త్రసమ్మతం కాదు. ఆ మాట లిఖితపూర్వకంగా చెప్పగలవాడు పశువైద్యుడే.

రహదారి ప్రమాదంలో ముందుగా కావలసినది పోలీసు ఫిర్యాదు. మోటారు వాహనాల చట్టం సరుకు అన్న మాట నిర్వచనంలోనే పశువులను చేర్చింది. మూడవ పక్షపు ఆస్తినష్టంగా ప్రమాద క్లెయిముల ట్రిబ్యునలులో పరిహారం అడగవచ్చు. అయితే రాత్రివేళ పలుపు లేకుండా రోడ్డుపై వదిలిన పశువైతే యజమాని నిర్లక్ష్యం మేరకు పరిహారం తగ్గుతుంది. కావాలని చంపిన సందర్భాల్లో క్రిమినల్ చట్టం వేరు. పాత శిక్షాస్మృతి 428, 429 సెక్షన్లు పది రూపాయలు, యాభై రూపాయలు అంటూ పశువు విలువను బట్టి నేరాన్ని విభజించేవి. గుర్రం, గేదె, ఆవు, ఎద్దు వంటి వాటికి మాత్రం విలువతో పని లేదనేవి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను ఆ విలువల మెట్లను పూర్తిగా తీసివేసింది. శిక్షకు విలువ అక్కర లేదు. పరిహారానికి మాత్రం కావాలి.

లంకలకే ప్రత్యేకమైన కష్టం కళేబరం దొరకకపోవడం. వరదలో కొట్టుకుపోయిన గేదె సముద్రంలో కలిసిపోతే శవపరీక్ష లేదు, పోగున్న చెవి లేదు. అటువంటప్పుడు మరణాన్ని పరోక్షంగా నిలబెట్టాలి. వరదకు ముందు ఆ పోగు సంఖ్యతో పశువు ఆ ఇంట్లో ఉన్నట్లు టీకా నమోదు, వరద తరువాత పాల పుస్తకంలో హఠాత్తుగా ఆగిన పద్దులు, గ్రామ స్థాయి రెవెన్యూ, పశుసంవర్ధక సిబ్బంది కలిసి చేసిన పంచనామా, ఆ లంక ఆ తేదీన మునిగినట్లు అధికారిక వరద నివేదిక అందుకు తోడ్పడతాయి. వీటిలో ఏ ఒక్కటీ చాలదు. నాలుగూ ఒకే కథ చెబితే దాన్ని కాదనడం సులభం కాదు. పంచనామాను నీరు తీసిన మొదటి రోజుల్లోనే రాయించాలి. నెల తరువాత అందరి లెక్కలూ పెరుగుతాయి, నిజమైన లెక్కకు కూడా విలువ పోతుంది.

పత్రాలన్నీ అందిన 15 రోజుల్లో బీమా సంస్థ క్లెయిము పరిష్కరించాలి. జాప్యమైతే 12 శాతం వార్షిక వడ్డీ చెల్లించాలన్నది మార్గదర్శకాల్లోని మాట. తిరస్కరిస్తే రెండేళ్ళ లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. బ్యాంకు రుణంతో కొన్న పశువైతే సొమ్ము ముందు రుణఖాతాకు చేరి, మిగిలినది యజమానికి వస్తుంది. ఈతైన కొత్తలో రుణం ఎక్కువగా, కొంతకాలానికి తక్కువగా ఉంటుంది కాబట్టి చేతికి వచ్చేదెంతో ముందే లెక్క చూసుకోవడం అవసరం. చనిపోయిన గేదె వెంట పోయిన దూడకు చాలాసార్లు పోగూ ఉండదు, పాలసీ కూడా ఉండదు. అయినా విపత్తు సహాయం పట్టికలో దూడకు వేరుగా 20,000 రూపాయలున్నాయి. తల్లి పద్దు కిందనే రాసి ఊరుకోక, పంచనామాలో దూడను విడి వరుసలో రాయించాలి.